గోల్ఫ్ సాధనలో మోచేతి నొప్పి: నివారణ, ఉపశమన మార్గాలు

గోల్ఫ్ సాధన చేసేవారికి మోచేయి లోపలి వైపు, చిటికెన వేలి పక్కన తగిలే ఎముక బుడిపె వద్ద మొదలయ్యే నొప్పిని వైద్యులు ‘గోల్ఫర్స్ ఎల్బో’ అని వ్యవహరిస్తారు. 2005లో సచిన్ తెందూల్కర్ శస్త్రచికిత్సతో దేశమంతటా పరిచయమైన ‘టెన్నిస్ ఎల్బో’ దీనికి తోబుట్టువు వంటిదే. అది మోచేయి బయటి వైపు వస్తుంది. కుడిచేతి వాటం గోల్ఫర్లలో మొదటిది సాధారణంగా కుడి చేతికి, రెండవది ఎడమ చేతికి కనిపిస్తుంది. క్రీడల పేర్లు పెట్టుకున్నా, వడ్రంగులు, తాపీ మేస్త్రీలు కూడా ఈ రెండింటితోనూ బాధపడుతుంటారు.

వేళ్లను ముడిచే, మణికట్టును అరచేతి వైపు వంచే ముంజేతి కండరాలు ఉమ్మడి టెండన్ ద్వారా ఆ బుడిపెకు అతుక్కుని ఉంటాయి. క్లబ్బు బంతికన్నా ముందు నేలను తాకితే ఆ అదురు నేరుగా అక్కడికే చేరుతుంది. సిమెంటు నేలపై పలుచని చాప పరచిన డ్రైవింగ్ రేంజ్‌లలో ఇది మరింత హెచ్చు. వారమంతా కుర్చీలో గడిపి, ఆదివారం ఒక్క పూటలో వందకు పైగా బంతులు కొట్టే నడివయస్కులు ఈ నొప్పిని కోరి తెచ్చుకుంటున్నట్టే. బంతుల సంఖ్యను వారాల తరబడి క్రమంగా పెంచడం, వీలైనప్పుడు పచ్చిక మీద సాధన చేయడం, క్లబ్బును బిగించి పట్టకపోవడం, అరిగిన గ్రిప్పులను మార్చడం ముఖ్యమైన జాగ్రత్తలు. గ్రాఫైట్ షాఫ్ట్ అదురును కొంత తగ్గిస్తుంది.

నొప్పి మొదలైతే సాధన ఆపి, రోజుకు రెండు మూడు సార్లు పది పదిహేను నిమిషాలు గుడ్డలో చుట్టిన మంచుగడ్డ పెట్టడం ఉపశమనం ఇస్తుంది. అయితే నెలల తరబడి వేధించే నొప్పిలో ప్రధానంగా ఉండేది టెండన్ నారల క్షీణత. వాపు పాత్ర స్వల్పం. స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో కొన్ని వారాలు హాయిగా ఉన్నా నొప్పి తిరగబెట్టడం తరచూ జరిగేది ఇందువల్లనే. చేతిని పూర్తిగా కదపకుండా ఉంచినా టెండన్ బలపడదు.

దానిని బలపరిచేది క్రమమైన వ్యాయామం. ముంజేతిని బల్లపై ఆనించి, అరచేయి పైకి ఉండేలా చేతిని అంచు బయటకు చాచి, అర కిలో బరువు పట్టుకోవాలి. రెండో చేతి సాయంతో మణికట్టును పైకి వంచి, సాయం వదిలి, మూడు నాలుగు సెకన్లలో నెమ్మదిగా కిందికి దించాలి. ఇలా పదిహేను సార్లు చొప్పున మూడు విడతలు చేయాలి. కొద్దిపాటి నొప్పి సహజమే. మర్నాటికీ తగ్గకపోతే బరువు తగ్గించాలి. ఫలితం కనిపించడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పట్టవచ్చు. తొందరపడేవారు విఫలమయ్యేది ఇక్కడే.

చిటికెన, ఉంగరపు వేళ్లలో తిమ్మిరి ఉంటే మోచేయి వెనుకగా సాగే అల్నార్ నాడి నలుగుతున్నదని అనుమానించాలి. తిమ్మిరి ఉన్నా, పట్టు సడలినా, మోచేయి పూర్తిగా చాపలేకపోయినా ఎముకల వైద్యుని వద్దకు వెళ్లడంలో జాప్యం తగదు.

తిరిగి ఆడేటప్పుడు మొదటి రోజుల్లో పటింగ్, చిప్పింగ్ వరకే పరిమితం కావాలి. ఆ తర్వాత పొట్టి ఐరన్లు, నొప్పి లేదని రూఢి అయ్యాకే డ్రైవర్ చేతబట్టాలి.