ఉప్పెన తర్వాత వచ్చిన ఈస్టరు

మంట దగ్గరికి జరగండర్రా. ఒరే పెద్దోడా, ఆ తాటిమట్ట కాస్త లోపలికి తొయ్యి. ఇన్ని కష్టాల్లో పునరుత్థానాన్ని ఎలా నమ్మావమ్మమ్మా అని అడిగావు కదూ. మన దివిసీమలో నా కళ్ళతో చూసిందే చెబుతాను, వినండి.

1977 నవంబరు 19, శనివారం. వరి కోతకొచ్చి ఉంది. పొద్దుగూకేవేళకి సముద్రం ఊళ్ళ మీద పడింది. మూడు నిలువుల ఎత్తు నీళ్ళు. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి అంతా ఒకటే ఏడుపు. తుమ్మచెట్టు దొరికినవాళ్ళు ముళ్ళు దిగబడుతున్నా వదల్లేదు, వాళ్ళే మిగిలారు. పదివేల మందికి పైగా పోయారు. మర్నాడు ఆదివారమైనా మా గుడిలో గంట మోగలేదు.

మీ చిన్నమ్మమ్మ, అదే నా చెల్లెలు, దొరకలేదు. దొరికినవాళ్ళను కూడా ఎవరు ఎవరో చూసే వీల్లేక ఒకే గుంటలో కప్పారు, ఒకే చితి మీద కాల్చారు. మా అమ్మ అన్నం ముట్టేది కాదు. "సమాధైనా లేదే, నా పిల్ల ఎక్కణ్ణుంచి లేస్తుందే?" అదే మాట, పగలూ రాత్రీ.

మన దివిసీమ నాయకుడు మండలి వెంకట కృష్ణారావు గారు జనం మధ్యే తిరిగారు. రామకృష్ణ మిషన్ వాళ్ళొచ్చారు, మదర్ థెరిసా గారొచ్చారు. మాకు గంజి పోసినవాళ్ళు మీది ఏ కులం, మీది ఏ మతం అని అడగలేదు. పొలాల్లో చూస్తే ఉప్పు. అది పోవడానికి కాలవ నీళ్ళు పెట్టడం, వదలడం, మళ్ళీ పెట్టడం. బాకీలు మాత్రం ఉప్పెనకి కొట్టుకుపోలేదు.

అలాంటి రోజుల్లో 1978 మార్చి 26న ఈస్టరొచ్చింది. గుడికి కప్పు లేదు. తెల్లవారుజామునే సమాధుల తోటలో కూడాం. మా గుడి పాస్టరు అయ్యగారు మా అమ్మ ముఖం చూసే ఆ వాక్యం తీసుకున్నారనుకుంటాను. తీర్పునాడు సముద్రం కూడా తనలో ఉన్న మృతుల్ని అప్పగించక తప్పదని ప్రకటన గ్రంథంలో ఉంది కదా, అది చదివారు. ఆ మాట మిగతా ఊళ్ళవాళ్ళకి ఎలా వినబడుతుందో గానీ, సముద్రానికి బిడ్డనిచ్చిన తల్లికి వేరేగా వినబడుతుంది. మా అమ్మ ఆ రోజు బావురుమని ఏడ్చింది. ఇంటికొచ్చి అన్నం తింది.

తర్వాత అయ్యగారు యోహాను సువార్త చివరి అధ్యాయం చెప్పారు. రాత్రంతా వలేసినా ఒక్క చేపా పడని శిష్యులకి, చావుని గెలిచి లేచిన ప్రభువు ఒడ్డున కనబడ్డాడు. బొగ్గుల మీద చేపలు కాల్చి, రొట్టె ఇచ్చి, తినండని పిలిచాడు. ముందు ఆకలి చూశాడర్రా. ఆ తర్వాతే పేతురుకి పని అప్పగించాడు.

ఆయన చేతుల్లో మేకుల గుర్తులు పోలేదు, తోమాకి చూపించాడు కూడా. మా దుఃఖమూ పోలేదు. నవంబరొస్తే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు. కానీ ఆ ఏడాది నారు పోశాం. తల్లీదండ్రీ పోయిన పిల్లాణ్ణొకణ్ణి మా అమ్మ తన కంచంలోనే తినిపించి పెంచింది. నా చెల్లెలు లేస్తుందన్న నమ్మకమే మా అమ్మని ముందు లేపింది.

కాబట్టి పిల్లలూ, పునరుత్థానమంటే ఎప్పుడో పైలోకంలో జరిగేది మాత్రమే అనుకోకండి. బరువు మోయలేకపోతున్న రోజున ప్రభువు దగ్గర గట్టిగా ఏడవండి, ఆయనేం కోప్పడడు. మన వీధిలో ఎవరింట్లోనైనా పొయ్యి వెలగలేదని తెలిస్తే మాత్రం, వాక్యం చెప్పడానికి ముందు అన్నం గిన్నె పట్టుకుని వెళ్ళండి.