మా టైగరు పెరుగన్నం

పేరుకి టైగరే గానీ, మా కుక్క పుట్టి బుద్ధెరిగి మాంసం ముక్క ఎరగదు. ఎనిమిదేళ్ళుగా మా ఇంటి పెరుగన్నం, పప్పన్నం, ఏకాదశి నాడు మాతోపాటు ఉప్పుడుపిండి తిని పెరిగిన ప్రాణి. ఒక్క ఆవకాయ మాత్రం పెట్టలేదు.

ఈమధ్య దాని వీపు మీద జుట్టు రాలడం మొదలైంది. రాత్రీ పగలూ గోక్కోవడమే. సరిగ్గా అప్పుడే మా మరిదిగారబ్బాయి సిడ్నీ నుంచి దిగాడు. వస్తూనే టైగరు గిన్నెలోకి తొంగిచూసి, "పెద్దమ్మా, తోడేలు ఎక్కడైనా పెరుగన్నం తింటుందా? కుక్కంటే తోడేలి సంతానమే కదా! పచ్చి మాంసం, పచ్చి ఎముకలు పెట్టి చూడు. నెల తిరిగేసరికి జుట్టు పట్టులా నిగనిగలాడుతుంది. అక్కడ మేమంతా అదే పెడుతున్నాం" అన్నాడు.

మావారు పేపరు చాటునుంచే, "మన గడపలోకి ఇంతవరకూ కోడిగుడ్డు కూడా రాలేదురా" అన్నారు.

ఆయన సమాధానం అక్కడితో అయిపోయింది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మన ఆచారం మనది. దాన్ని నోరులేని జీవానికి రుద్ది ఎనిమిదేళ్ళు కడుపు మాడ్చానా? ఆ పాపం ఏ నదిలో మునిగితే పోతుంది? పోనీ పెడదామా అంటే, ఇంట్లో పదినెలల మనవరాలు నేలంతా పాకుతోంది. దాని చెయ్యెప్పుడూ టైగరు మెడమీద, టైగరు నాలుకెప్పుడూ దాని బుగ్గమీద. అంచేత, వాడి మాటా మావారి మాటా పక్కన పెట్టి, అసలు కుక్కలు ఏం తిని బతికాయో చరిత్ర తిరగేద్దామని కూర్చున్నాను.

మన భారత కథ తొలి పేజీల్లోనే ఓ కుక్క తిండి తగువుంది, గమనించారా? జనమేజయుడు యజ్ఞం చేస్తుంటే సరమ కొడుకు సారమేయుడు అటుగా వెళ్ళాడు. రాజుగారి తమ్ముళ్ళు పట్టుకు కొట్టారు. నా బిడ్డ హవిస్సు ముట్టలేదు, కన్నెత్తి చూడనైనా లేదు, ఎందుకు కొట్టారని ఆ తల్లి రాజునే నిలదీసింది. నన్నయగారు తెలుగు భారతంలోనూ ఆ కథను వదల్లేదు. మనిషి వంటింటి గుమ్మం దగ్గర కుక్క కాచుకు కూర్చోవడం ఇవాళ్టిది కాదన్నమాట.

రోము దేశంలోనూ ఇదే తంతు. క్రీస్తుకు పూర్వం 1వ శతాబ్దంలో వర్రో అనే పండితుడు వ్యవసాయం మీద పుస్తకం రాస్తూ, మందను కాసే కుక్కలకు బార్లీ రొట్టె పాలలో నానబెట్టి పెట్టమన్నాడు. చచ్చిన గొర్రె మాంసం మాత్రం పెట్టొద్దన్నాడు. రుచి మరిగితే కంచే చేను మేస్తుందని ఆయన భయం! తర్వాతి శతాబ్దంలో కొలుమెల్లా అనే ఆయన బార్లీ పిండి, పాలవిరుగుడు నీళ్ళు కలిపి పెట్టమన్నాడు. చదువుతూ నాలో నేనే నవ్వుకున్నాను. మా పెరుగన్నానికి రోములో ఇద్దరు అక్కచెల్లెళ్ళున్నారన్నమాట!

మరి ఈ అట్టల డబ్బాలూ, సంచులూ ఎప్పుడొచ్చాయి? 1860 ప్రాంతంలో జేమ్స్ స్ప్రాట్ అనే అమెరికా ఆయన లండన్ వెళ్ళాడు. ఓడరేవులో నావికులు పారేసిన గట్టి బిస్కెట్లను ఊరకుక్కలు ఎగబడి తినడం చూసి ఆయనకు ఆలోచన తట్టిందని చెబుతారు. గోధుమపిండి, కూరగాయలు, బీట్‌రూటు, ఎండు మాంసం కలిపి కుక్కల బిస్కెట్లు చేయించి దొరలకు అమ్మాడు. ఆ కంపెనీలో గుమాస్తాగా చేరిన ఛార్లెస్ క్రఫ్ట్ అనే కుర్రాడే తర్వాత 1891లో తన పేరుతో కుక్కల ప్రదర్శన పెట్టాడు. ఈనాటికీ ఇంగ్లండులో దానికి జనం విరగబడతారు.

1922లో అమెరికాలో గుర్రపు మాంసాన్ని డబ్బాల్లో పెట్టి కుక్కలకు అమ్మడం మొదలెట్టారు. మోటారు కార్లొచ్చాక గుర్రాలకు పనిలేకుండా పోయింది కదా! రెండో ప్రపంచయుద్ధంలో తగరం కరువై డబ్బాలు పోయి, పొడి మేత సంచులొచ్చాయి. 1957 నాటికి యంత్రంలో ఒత్తి, ఉబ్బించిన గుళికలు వచ్చాయి. కుక్క ఏం తినాలన్నది దాని ఒంటిని బట్టి కన్నా, మనిషి దగ్గర ఏం మిగిలిందన్నదాన్ని బట్టే నడిచినట్టుంది. ఇంట్లో మిగిలితే ఇంటి అన్నం, మిల్లులో మిగిలితే మిల్లు గుళికలు.

ఆ సంచుల మీద విసిగిపోయిన వాళ్ళల్లో ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్ అనే ఆస్ట్రేలియా పశువైద్యుడొకరు. 1993లో ఆయన ఒక పుస్తకం రాసి, కుక్కలకు పచ్చి ఎముకలూ పచ్చి మాంసమే సహజాహారమన్నాడు. మా అబ్బాయి సూట్‌కేసులో పెట్టుకొచ్చిన జ్ఞానం మూలాలు అక్కడున్నాయన్నమాట.

అయితే తోడేలి సంగతో? 2013లో శాస్త్రజ్ఞులు కుక్కల జన్యువులనూ తోడేళ్ళ జన్యువులనూ పక్కపక్కన పెట్టి చూశారు. పిండిపదార్థాన్ని అరిగించే ఒక జన్యువు తోడేలుకి రెండే ప్రతులుంటే, కుక్కలకు నాలుగు మొదలు ముప్ఫై దాకా ఉన్నాయిట! వేల ఏళ్ళు మన గుమ్మంలో కూర్చుని, మన అన్నం తిని, దాని కడుపే మారిపోయింది. ఆడపిల్ల అత్తవారింటి వంట అలవాటు చేసుకున్నట్టు. అది చదివాక నా గుండె కాస్త కుదుటపడింది. అన్నం పెట్టడం పాపం కాదు. కానీ అన్నం ఒక్కటే చాలుతుందనీ ఆ శాస్త్రజ్ఞులు చెప్పలేదు సుమండీ.

ఇక పచ్చి మాంసం మాట. ఇక్కడే నన్ను నిలవేసింది ఐస్‌లాండు కథ.

19వ శతాబ్దంలో ఆ చలిదేశంలో చాలామంది కడుపులో నీటితిత్తులు పెరిగి చచ్చిపోయేవారు. కాలేయంలో, ఊపిరితిత్తుల్లో మెల్లగా పెరిగే తిత్తులు. హైడాటిడ్ అంటారు దాన్ని. 1863లో డెన్మార్కు నుంచి హరాల్డ్ క్రబ్బే అనే శాస్త్రజ్ఞుడు వెళ్ళి, అక్కడి కుక్కలను పరీక్షించాడు. సంగతేమిటంటే, ఇంట్లో గొర్రెను కోసినప్పుడు తిత్తులున్న కాలేయం, ఊపిరితిత్తులూ పచ్చివే కుక్కలకు విసిరేవారు. కుక్క పేగుల్లో ఆ పురుగు పెరిగేది. దాని గుడ్లు కుక్క మలంలో, బొచ్చులో చేరి, కుక్కను ముద్దుచేసిన పిల్లల చేతులకంటి, నోట్లోకి పోయేవి. కుక్కకు మాత్రం ఏ బాధా ఉండేది కాదు!

మరుసటేడు క్రబ్బే చిన్న పుస్తకం రాస్తే, ఊరూరా ఇంటింటికీ ఊరికే పంచారు. ఐస్‌లాండు వాళ్ళు చలికాలపు రాత్రుళ్ళు ఇంటిల్లిపాదీ ఒకచోట చేరి, ఒకరు చదువుతుంటే మిగతావాళ్ళు ఉన్ని వడుకుతూ వినేవారు. ఆ పుస్తకమూ అలాగే విని ఉంటారు. పచ్చి పేగులూ తిత్తులూ కుక్కకు వెయ్యొద్దు, కాల్చండి, పాతిపెట్టండి, కుక్కకు పురుగులమందు పొయ్యండి అన్నాడందులో. తర్వాత చట్టాలూ వచ్చాయి. 1924లో రాజధాని రేక్యవిక్‌లో కుక్కల పెంపకమే నిషేధించి, 1984లో గానీ సడలించలేదు. మొత్తానికి ఆ జబ్బు ఆ దేశం విడిచిపోయింది. మందుకన్నా ముందు, గిన్నెలో ఏం వేస్తున్నామో చూసుకోవడమే దాన్ని తరిమింది.

మనకిది పరాయి కథ కాదు. మాంసం కొట్ల ముందు పచ్చి పేగుల కోసం కాచుకున్న వీధికుక్కలు మన ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. ఈ తిత్తులకు ఆపరేషన్లు మన ఆస్పత్రుల్లోనూ జరుగుతున్నాయి. పురుగుల మాట అలా ఉంచినా, పచ్చిమాంసంలో సాల్మొనెల్లా లాంటి క్రిములుంటాయనీ, కుక్కకూ ఇంట్లోవాళ్ళకూ ప్రమాదమనీ అమెరికా పశువైద్యుల సంఘం 2012లోనే హెచ్చరించింది.

ఇంత చదివి, టైగరును పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన చర్మం గీకి చూసి, "గజ్జి పురుగమ్మా, తిండికీ దీనికీ నేరుగా సంబంధం లేదు" అని మందిచ్చారు. ఆ మాటతో నేను గెలిచాననుకుంటుంటే, "అయినా వట్టి పెరుగన్నం దీనికి చాలదు. పచ్చిది వద్దు. ఉప్పూ ఉల్లీ లేకుండా, ఎముకలు తీసేసి, కోడిమాంసం ఉడకబెట్టి అన్నంలో కలపండి. క్రమం తప్పకుండా పురుగులమందు వెయ్యండి" అన్నారు. సగం తప్పు నాదేనని ఒప్పుకోక తప్పలేదు.

పెరట్లో వేరే పొయ్యి, వేరే గిన్నె పెట్టాం. కొట్టుకెళ్ళేదెవరని అడిగితే ఎవరూ మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్నే మావారు మఫ్లరు కట్టుకుని, చేతిసంచీ చంకలో దాచుకుని, ఎదురింటివాళ్ళు లేవకముందే బయల్దేరారు. వేసవికాలంలో మఫ్లరేమిటండీ అని నేను అడగలేదు.

మా అబ్బాయికి ఫోను చేసి చెబితే, "సగం గెలిచాను పెద్దమ్మా" అని నవ్వాడు. టైగరు వీపు మీద ఇప్పుడు కొత్త జుట్టొస్తోంది. పెరట్లో మాంసం కలిపిన అన్నం గిన్నె అడుగుదాకా నాకేస్తుంది. ఆ తర్వాత తిన్నగా వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి కూర్చుంటుంది, ఆఖరున ఓ ముద్ద పెరుగన్నం కోసం. ఆ ముద్ద పడితే గానీ దానికి భోజనం అయినట్టు కాదు.