వెళ్ళిన గొంతులు, నిలిచిన గొంతు: హైదరాబాద్ ఖవ్వాలీ ఖాందాన్ల కథ



పోయిన నెల మా భాంజాను రైలెక్కించడానికి కావలి స్టేషన్‌కు వెళ్ళాను. చెన్నైలో నౌకరీ వాడికి. పినాకిని రావడానికి ఇంకా టైముంది. ప్లాట్‌ఫారం మీద బెంచీకి ఆనుకుని చెవుల్లో ఇయర్‌ఫోన్ పెట్టుకున్నాడు. ఏం వింటున్నావురా అంటే ఒక వైరు నా చెవిలో పెట్టాడు. ఖుస్రో పేరున పాడే ఫార్సీ కలామ్, ‘ఖబరమ్ రసీదా’. ఫరీద్ అయాజ్, అబూ ముహమ్మద్ సోదరులు 2012లో కోక్ స్టూడియోలో పాడింది.

నాకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి. వాడేమో చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "మామూ, పాకిస్తాన్ వాళ్ళది. స్పీకర్లో పెడితే ఎవడేమనుకుంటాడో."

వాడి డర్ నాకు అర్థం కాక కాదు. జమానా అలా ఉంది. కానీ నేనన్నాను: "అరే, ఆ పాడే పెద్దాయన పుట్టిందెక్కడో తెలుసా? హైదరాబాద్‌లో. 1952లో." వాడు నమ్మలేదు. అంతలో రైలొచ్చింది. ఆ బాత్ అధూరాగానే మిగిలింది. అందుకే ఈ మజ్మూన్. వాడొక్కడి కోసమే కాదు, మన ఇళ్ళల్లో వాడిలాంటి పిల్లలందరి కోసం.

ఖవ్వాలీ అనగానే మనకు రెండు గుర్తొస్తాయి. ఒకటి సినిమా, రెండోది ఉర్సు. మా జిల్లాలో ఏ.ఎస్. పేటలో హజ్రత్ ఖాజా రహమతుల్లా నాయబ్ రసూల్ దర్గా ఉంది, కసుమూరులో మస్తాన్ వలీ దర్గా ఉంది. గంధం రాత్రి షామియానా కింద హార్మోనియం, ఢోలక్, చప్పట్లు. బచ్‌పన్‌లో మేం జనానాలో అమ్మీ ఒళ్ళో పడుకుని విన్నవాళ్ళమే. పాట అర్థమయ్యేది కాదు. మా ఇంట్లో మాట్లాడేది దక్కనీ, బడిలో చదివేది తెలుగు, ఖవ్వాల్ పాడేది సగం ఫార్సీ. అయినా నిద్ర పట్టేది కాదు.

‘ఖౌల్’ అనే అరబీ మాట నుంచి ఖవ్వాలీ వచ్చింది. ఖౌల్ అంటే వాక్కు. ఆ వాక్కు పలికేవాడు ఖవ్వాల్. హజ్రత్ నిజాముద్దీన్ ఔలియా ఖాన్ఖాలో అమీర్ ఖుస్రో ఈ ఫన్‌కు రూపం దిద్దారని రివాయత్. ముర్షద్, మురీద్ ఇద్దరూ 1325లోనే, కొన్ని నెలల తేడాతో, దునియా నుంచి పర్దా చేశారు. ఖుస్రో దగ్గర తాలీమ్ పొందిన పిల్లల వంశమే ‘ఖవ్వాల్ బచ్చోఁ కా ఘరానా’ అంటారు. ఏడు వందల ఏళ్ళ షజరాను కాగితం మీద రుజువు చేయడం ఎవరి వల్లా కాదు. కానీ ఢిల్లీ దర్బారు కాలానికి వచ్చేసరికి చరిత్ర గట్టి నేల మీద నడుస్తుంది.

ఆ ఘరానాలో తాన్‌రస్ ఖాన్ అని ఒక ఉస్తాద్. అసలు పేరు కుతుబ్ బఖ్ష్. ఆఖరి మొగల్ బాద్‌షా బహాదుర్ షా జఫర్‌కు గానం నేర్పినవాడు. పటియాలా ఘరానాకు మూలపురుషులని చెప్పే అలీ బఖ్ష్, ఫతే అలీలు కూడా ఈయన షాగిర్దులే. 1857లో ఢిల్లీ కూలింది. బాద్‌షాను రంగూన్ పంపేశారు. దర్బారు లేకపోతే గవయ్యలకు రోటీ ఎక్కడిది? తాన్‌రస్ ఖాన్ రాజస్థాన్ వైపు సంస్థానాలు తిరిగి, చివరికి దక్కన్‌కు చేరాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ హయాంలో హైదరాబాద్‌లో ఆసరా దొరికింది. ఆయన ఇంతెకాల్ కూడా అక్కడే జరిగింది. అలా ఢిల్లీ గొంతు మూసీ ఒడ్డుకు వచ్చి పడింది.

హైదరాబాద్‌లో ఖవ్వాల్‌కు బతుకుతెరువు ఎలా నడిచేదో కొంచెం చెప్పాలి. అది తెలియకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. నిజాం దర్బారు ఒక్కటే కాదు. నవాబులు, జాగీర్దార్లు, పాయ్‌గాలు ఉండేవారు. వాళ్ళ దేవిడీల్లో మెహఫిల్ పెట్టేవారు. ఖాన్ఖాల్లో నెలనెలా ఫాతెహాలు, ఏటేటా ఉర్సులు. మెహఫిల్‌లో ఎవరికైనా దిల్ కదిలితే లేచి వెళ్ళి నజ్రానా ముందు సజ్జాదా నషీన్ చేతికి అందించాలి, అక్కడి నుంచి ఖవ్వాల్‌కు చేరుతుంది. టికెట్టు లేదు, రేటు లేదు. కలామ్ వినిపించేవాడికీ వినేవాడికీ మధ్య పీర్ ఉంటాడు. ఈ అదబ్‌లోనే పాట పెరిగింది.

పాటకూ కట్టుబాట్లున్నాయి. చాలా చోట్ల ముందు హమ్ద్, తర్వాత నాత్, ఆపై ఔలియాల మన్‌ఖబత్, అప్పుడు గజల్. ముగింపుకు రంగ్. ఖవ్వాల్ ఒక్కడు పాడడు. ఆయన వెనక హమ్‌నవాలు ఉంటారు, అంటే గొంతు కలిపేవాళ్ళు. తమ్ముడు, కొడుకు, అల్లుడు, షాగిర్దు. ఒకడు హార్మోనియం, ఒకడు ఢోలక్, మిగిలినవాళ్ళు తాళీ. మెయిన్ ఖవ్వాల్ ఒక మిస్రా ఎత్తుకుని మధ్యలో ఇంకో కవి షేర్ తెచ్చి ముడివేస్తాడు. దాన్ని గిరహ్ అంటారు. ఎవరికైనా హాల్ వస్తే ఆ మిస్రా వదలకూడదు. ఆయన శాంతించేదాకా తక్రార్ చేస్తూనే ఉండాలి. ఖాజా కుతుబుద్దీన్ బఖ్తియార్ కాకీ 1235లో ఒక షేర్ వింటూ హాల్‌లోనే విసాల్ అయ్యారని చిష్తీ బుజుర్గులు చెప్పుకుంటారు. అందుకే తక్రార్ అంటే ఖవ్వాల్‌కు ఆట కాదు, జిమ్మేదారీ.

ఇక 1948. సెప్టెంబరులో పోలీస్ యాక్షన్. ఐదు రోజుల్లో ఆసఫ్‌జాహీ హుకూమత్ ఖతం. మరుసటి సంవత్సరమే, 1949లో, జాగీర్లు రద్దయ్యాయి. రైతుకు అది న్యాయమే, అందులో నాకు రెండో మాట లేదు. జాగీర్దారీ కింద నలిగిన పల్లెల కథలు మనకూ తెలుసు. కానీ ఆ దేవిడీల దీపాలతోపాటు కొన్ని వందల మంది ఫన్‌కార్ల పొయ్యి కూడా ఆరింది. వాళ్ళ లెక్క ఎవరూ రాయలేదు.

తాన్‌రస్ ఖాన్ ఘరానాకు చెందిన మున్షీ రజియుద్దీన్ (1912–2003) నిజాం దర్బారులో పాడినవాడు. ఆ ఖాందాన్‌లో కొందరు కరాచీ దారి పట్టారు. అక్కడ రజియుద్దీన్, ఆయన బంధువు మంజూర్ నియాజీ కలిసి పార్టీ నడిపారు. 1966లో విడిపోయి, రజియుద్దీన్ సొంత పార్టీ పెట్టారు. ఆయన కొడుకే ఫరీద్ అయాజ్. హైదరాబాద్‌లో పుట్టి, నాలుగేళ్ళ వయసులో, 1956లో, సరిహద్దు దాటిన పిల్లాడు. హైదరాబాద్ రాష్ట్రం పటం మీద నుంచి పోయింది కూడా ఆ సంవత్సరమే. అదే ఖాందాన్‌లో బహాఉద్దీన్ ఖవ్వాల్ కూడా హైదరాబాద్‌లో పుట్టి పాకిస్తాన్‌లో పేరు తెచ్చుకున్నవాడే. మా భాంజా చెవిలో మోగిన గొంతు వెనక ఇంత సఫర్ ఉంది.

వెళ్ళినవాళ్ళ పేరు దునియా అంతా తెలుసు. మరి నిలిచినవాళ్ళు?

అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ. ఈ పేరు మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళకు తెలుసు, పిల్లలకు తెలియదు. హైదరాబాద్‌లోనే ఉండిపోయిన ఖవ్వాల్. ‘వార్సీ’ అన్నది ఉత్తరప్రదేశ్ బారాబంకీ దగ్గర దేవా షరీఫ్‌లో ఉన్న హాజీ వారిస్ అలీ షా (విసాల్ 1905) సిల్సిలా నిస్బత్. ఈ ఖాందాన్ కూడా తమ వేళ్ళు ఢిల్లీ మొగల్ దర్బారులో ఉన్నాయనీ, నిజాంల పిలుపుతో దక్కన్‌కు వచ్చామనీ చెప్పుకుంటుంది.

అజీజ్ వార్సీ గొంతు గురించి రాయడం కష్టం, వినాలి. శాస్త్రీయ సంగీతం గట్టిగా తెలిసిన ఖవ్వాల్ ఆయన. సర్గమ్, తాన్, తరానా అన్నీ వాడతాడు, కానీ షేర్ మీద కాలు వేసి కాదు. ముందు మాటను నిలబెడతాడు. లఫ్జ్ లఫ్జ్ విడిగా, సాఫ్‌గా, ఫార్సీ రానివాడికి కూడా ఇక్కడేదో బరువైన బాత్ ఉందని తెలిసేలా పలుకుతాడు. తర్వాతే రాగం. కోక్ స్టూడియో పుట్టడానికి ఎన్నో దశాబ్దాల ముందే అదే ‘ఖబరమ్ రసీదా’ ఆయన పాడాడు. ఆ రికార్డు ఇప్పటికీ దొరుకుతుంది. రెండూ పక్కపక్కన పెట్టి వినండి. కరాచీ సోదరులది పోటెత్తే అల. అజీజ్ సాబ్‌ది లోతు. నన్నడిగితే రెండోదే ముందు. ఇది నా పసంద్, కొట్లాట వద్దు.

దేవిడీలు మూతపడ్డాక ఆయన పాట ఎలా నిలిచింది? కొంత రేడియో, కొంత గ్రామఫోన్ రికార్డు, కొంత దర్గాలు. నిజాం కాలపు దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసింది. హైదరాబాద్ కేంద్రం ఉర్దూ కార్యక్రమం ‘నైరంగ్’ కోసం కావలిలో కూడా సెట్టు తిప్పేవాళ్ళుండేవారు. మా నానా అందులో ఒకరు. గరగర మధ్య ఎక్కడో సన్నగా అందేది. 1971లో అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీకి హుకూమతే హింద్ పద్మశ్రీ ఇచ్చింది. ఒక ఖవ్వాల్‌కు, అదీ సినిమాలో పేరు తెచ్చుకోని ఖవ్వాల్‌కు!

సినిమా మాట ఎందుకంటున్నానంటే, ఆ రోజుల్లో ఖవ్వాలీకి పైసా అంతా అక్కడే ఉంది. 1958లో ‘అల్ హిలాల్’, 1960లో ‘బర్సాత్ కీ రాత్’ వచ్చాక హిందుస్తాన్ అంతా ఖవ్వాలీ మత్తులో ఊగింది. స్టేజీ మీద మర్దానా, జనానా ముకాబిలాలు మొదలయ్యాయి. పీర్ ఉన్న చోట టికెట్టు కౌంటర్ వచ్చింది. సరిగ్గా ఆ కాలంలోనే అమెరికాలో నల్లవాళ్ళ చర్చి పాటకు కూడా ఇదే జరిగింది. ‘సోల్ స్టిరర్స్’ అనే భక్తి గాన బృందంలో పాడే శామ్ కుక్ 1957లో బయటికొచ్చి ప్రేమ పాటలతో స్టార్ అయ్యాడు. అదే గొంతు, అదే తడప్, ఖుదా ఉన్న చోట మెహబూబా. దాన్నే సోల్ మ్యూజిక్ అన్నారు. సోల్ అంటే మన రూహే కదా. శామ్ కుక్‌ను తప్పు పట్టను, అతని పాటలు నాకిష్టం. కానీ అజీజ్ వార్సీ ఆ గడప దాటలేదు. దర్గాలో పాడినదే రేడియోలో పాడాడు, రేడియోలో పాడినదే రికార్డుకిచ్చాడు. దానికి కీమత్ చెల్లించాడు. కావలి బజారులో అందరికీ తెలిసే పేరు కాలేకపోయాడు.

ఇక్కడ మన ఇళ్ళల్లోని ఒక తకరార్ గురించి మాట్లాడకుండా దాటేస్తే బేఇమానీ అవుతుంది. మా నానా దగ్గర అజీజ్ వార్సీ క్యాసెట్ ఒకటి ఉండేది. మా చిచ్చా సౌదీ నుంచి వచ్చినప్పుడు అది చూసి, "సాజ్ హరామ్, ఇంట్లో వద్దు" అన్నాడు. నానా వాదించలేదు. క్యాసెట్ తీసి ట్రంకు పెట్టెలో పెట్టాడు. ఇద్దరూ ఐదు పూటలా నమాజీలే. నానా కళ్ళల్లో నీళ్ళు మాత్రం నాకు గుర్తున్నాయి.

ఈ బహస్ కొత్తది కాదు. ఇమామ్ గజాలీ ‘ఇహ్యా’లో సమా మీద ఒక పూర్తి కితాబ్ రాశారు. నిజాముద్దీన్ ఔలియా వారినే సుల్తాన్ గియాసుద్దీన్ తుగ్లక్ ఇదే విషయం మీద ఉలమాల ముందు హాజరు పరిచాడు. చిష్తీలు కూడా హద్దుల్లేకుండా వినమనలేదు. జమాన్, మకాన్, ఇఖ్వాన్ అని మూడు షర్తులు. సమయం సరైనదై ఉండాలి, చోటు సరైనదై ఉండాలి, కూర్చున్నవాళ్ళు సరైనవాళ్ళై ఉండాలి. సాజ్ అస్సలు వద్దనే ఉలమాలూ పెద్దవాళ్ళే, వాళ్ళ దలీళ్ళు వాళ్ళకున్నాయి. ఫత్వా ఇచ్చే హైసియత్ నాకు లేదు. నాకు బాధ కలిగించేది వేరే. చిచ్చా కొడుకు నికాహ్‌లో డీజే పెట్టారు, ఎవరూ ఏమీ అనలేదు. ట్రంకు పెట్టెలోకి పోయింది ఒక్క నానా క్యాసెట్టే.

అజీజ్ వార్సీ తర్వాత ఆ గద్దె ఖాళీ కాలేదు. మనవళ్ళు నజీర్ అహ్మద్ ఖాన్ వార్సీ, నసీర్ అహ్మద్ ఖాన్ వార్సీ ‘వార్సీ బ్రదర్స్’ పేరున హమ్‌నవాలతో పాడుతూ వచ్చారు. దేశవిదేశాల్లో కచేరీలు చేశారు, సంగీత నాటక అకాడమీ పురస్కారం కూడా అందుకున్నారు. ఖుస్రో ఫార్సీ, దక్కనీ సూఫీ కలామ్, తాతగారి బందిష్‌లు అన్నీ వాళ్ళ దగ్గర ఉన్నాయి. అయినా ఈ రోజు మన పిల్లాడు ఫోన్లో ఖవ్వాలీ అని టైపు చేస్తే ముందు వచ్చేది కరాచీ, లాహోర్. అది వాళ్ళ తప్పు కాదు. అక్కడ ఒక కంపెనీ మంచి మైకులు పెట్టి, మంచి కెమెరాలు పెట్టి, కింద తర్జుమా కూడా వేసింది. ఇక్కడ ఆ పని చేసినవాళ్ళు తక్కువ.

ఇదంతా భాంజాకు ఫోన్లో చెప్పాను. అజీజ్ సాబ్ రికార్డు లింకు పంపాను. రెండు రోజులకు జవాబొచ్చింది: "మామూ, ఈయన చాలా ధీమాగా పాడతాడు. రెండోసారి విన్నాక బాగుంది." తర్వాత ఇంకో మెసేజీ: "నానా క్యాసెట్ ఇంకా ఉందా?"

ట్రంకు పెట్టె తీసి చూశాను. ఉంది. టేపు కొంచెం అంటుకుంది. కావలిలో క్యాసెట్టు బాగుచేసేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు, నెల్లూరులో ఎవరైనా ఉన్నారేమో అడిగి చూస్తున్నాను.