ఇద్దరు సంతకం పెడితే చాలు

నర్మద మీద సర్దార్ సరోవర్ డ్యాంకి 1985లో ప్రపంచ బ్యాంకు 45 కోట్ల డాలర్ల అప్పు ఇచ్చింది. మునిగే ఊళ్లలో భిల్లులవి, భిలాలలవి, తడ్విలవి చాలా ఉన్నాయి. ఆ జనం లాఠీలు తిన్నారు, జైళ్లకి పోయారు, ఊరు మాత్రం వదల్లేదు. చివరికి బ్యాంకే బ్రాడ్‌ఫోర్డ్ మోర్స్ కమిటీని వేసింది. 1992లో ఆ కమిటీ, ఇప్పుడున్న పద్ధతిలో నిర్వాసితులకి సరైన పునరావాసం జరగదు, మీరు వెనక్కి తగ్గండి అని బ్యాంకుకే రాసిచ్చింది. 1993 మార్చిలో మిగతా అప్పు మన ప్రభుత్వమే వద్దంది. ఆ సెప్టెంబరులోనే బ్యాంకు ఇన్‌స్పెక్షన్ ప్యానెల్ పెట్టింది. దయతో పెట్టింది కాదు.

నష్టపోయేవాళ్లు ఇద్దరుంటే ఫిర్యాదు చేయొచ్చు, మన భాషలోనే. పేర్లు బయటపెట్టొద్దని అడగొచ్చు. కానీ ముందే బ్యాంకు వాళ్లకి చెప్పామని చూపాలి. అందుకే ప్రతి అర్జీకీ జిరాక్స్ దాచుకోండి. మా నాన్న ఎన్ని అర్జీలు ఇచ్చాడో, ఇంట్లో ఒక్క కాగితం లేదు.

మొదటి ఫిర్యాదు 1994లో నేపాల్ అరుణ్-3 మీద వచ్చింది. మరుసటి ఏడాదే బ్యాంకు తప్పుకుంది. నర్మద డ్యాం మాత్రం ఆగలేదు, దేశం డబ్బుతోనే లేపారు. మన పోలవరానికీ ఈ దారి లేదు, అది ప్రపంచ బ్యాంకు అప్పు కాదు. కాబట్టి ఊళ్లోకి సర్వే వాళ్లొస్తే మొదట అడగాల్సింది, ఈ డబ్బు ఎవరిది అని.