ఆంతియోకియా కొండల్లో మతిమరుపు వంశవృక్షం

కొలంబియా దేశంలో మెదెయిన్ నగరం దాటి ఉత్తరంగా ఘాట్‌రోడ్డెక్కితే బెల్మిరా, యరుమాల్, అంగొస్తురా లాంటి ఊళ్లు వస్తాయి. ఆండీస్ కొండల మీద పచ్చికబీళ్లు, పాడి ఆవులు, ఊరి నడుమ చర్చి. ఆంతియోకియా రాష్ట్రంలోని ఈ ఊళ్లను తరతరాలుగా ఒక జబ్బు పట్టుకుని ఉంది. నిన్నటిదాకా సంతకెళ్లి పైసాతో సహా లెక్క అప్పజెప్పిన మనిషి, నలభై అయిదేళ్లు నిండాయో లేదో, అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతాడు. కొన్నాళ్లకు ఇంటి దారి మరిచిపోతాడు. ఆ తర్వాత కన్నపిల్లల పేర్లు. చివరికి మాట పోతుంది, మింగడం రాదు, మంచం పడతాడు. చాలామంది అరవై చూడకుండానే పోతారు.

ఊరివాళ్లు దాన్ని ‘బొబేరా’ అనేవారు. తెలివి మందగించే రోగమని అర్థం. కారణాలు ఎవరికి తోచినవి వాళ్లు చెప్పుకునేవారు. ఫలానా చెట్టును ముట్టుకున్నందుకని కొందరు, చేతబడి అని కొందరు, ఎప్పుడో ఎవరో ఫాదరీ పెట్టిన శాపమని ఇంకొందరు. ఈ మాటల వెనక ఉన్న అసలు సంగతిని బయటికి తీసింది ఆ నేలమీదే పుట్టిన డాక్టరు ఫ్రాన్సిస్కో లొపేరా. నలభై ఏళ్లు ఆ ఊళ్లను వదిలిపెట్టకుండా తిరగడమే ఆయన పరిశోధన.

లొపేరా 1951లో ఆంతియోకియాలోనే సాంతా రోసా దె ఒసోస్‌లో పుట్టాడు. మెదెయిన్‌లోని ఆంతియోకియా విశ్వవిద్యాలయంలో వైద్యం చదివి, అక్కడే న్యూరాలజీలో శిక్షణ పొందుతుండగా 1984లో ఒక రోగి ఆయన దగ్గరికి వచ్చాడు. బెల్మిరా రైతు, వయసు 47. జ్ఞాపకశక్తి పూర్తిగా దెబ్బతింది. ఆ వయసులో మతిమరుపు అంటే డాక్టర్లు సాధారణంగా దెబ్బ తగిలిందా, మెదడులో గడ్డ ఉందా అని చూస్తారు. లొపేరా మాత్రం ఇంట్లో వాళ్లని కూర్చోబెట్టి ఇంకెవరికైనా ఇలా అయిందా అని అడిగాడు. తండ్రికి అయింది, తాతకి అయింది, అన్నదమ్ముల్లోనూ కొందరికి మొదలైంది.

అది అల్జీమర్స్‌లో వంశపారంపర్యంగా వచ్చే రకం. అల్జీమర్స్ పరిశోధనకు ఆ ఏడాది ఇంకో రకంగానూ ముఖ్యమైంది. అమెరికాలో జార్జ్ గ్లెనర్ ఈ జబ్బులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రొటీన్ ముక్కను 1984లోనే విడదీసి చూపించాడు. ప్రపంచమంతా ప్రయోగశాలల్లో ఆ ప్రొటీన్ వెంట పడింది. లొపేరా చేతిలో ఉన్నది మాత్రం ఒక నోటుబుక్కు, చుట్టాల పేర్లు.

ఆ పేర్ల వెంట వెళ్లడానికి ఆయనకు దొరికిన మనిషి లూసియా మాద్రిగాల్ అనే నర్సు. ఇద్దరూ కలిసి ఊరూరా తిరిగి వంశవృక్షాలు గీశారు. మగవాళ్లకు చదరం, ఆడవాళ్లకు సున్నా, జబ్బు వచ్చినవాళ్లకు ఆ గుర్తు నల్లగా నింపడం జన్యుశాస్త్రంలో మామూలు పద్ధతి. ఒక్కో ఇంట పది, పన్నెండుమంది పిల్లలు పుట్టిన ప్రాంతం కావడంతో కాగితానికి కాగితం అంటించాల్సి వచ్చేది. బతికున్నవాళ్ల జ్ఞాపకం ఆగిపోయినచోట చర్చి దస్త్రాలు పనికొచ్చాయి. బాప్తిస్మం, పెళ్లి, మరణం, అన్నీ ఫాదరీలు రాసిపెట్టుకునేవారు. ఆ పుస్తకాలు తిరగేస్తూ వెళ్తే వేరువేరు అనుకున్న కుటుంబాలు వెనక తరాల్లో ఒకదానితో ఒకటి కలిశాయి. ఇన్ని ఊళ్ల జబ్బుకూ వేరు ఒకటే అన్న అనుమానం బలపడింది.

ఆ రోజుల్లో ఈ తిరుగుడు ఆషామాషీ కాదు. 1980ల చివర, 90ల మొదట్లో మెదెయిన్ అంటే పాబ్లో ఎస్కోబార్ ముఠా, కారుబాంబులు. కొండల్లోనేమో ఒక పక్క గెరిల్లాలు, ఇంకో పక్క పారామిలిటరీ దళాలు. రక్తం నమూనాలకోసం వెళ్లిన మాద్రిగాల్‌ను ఒకసారి గెరిల్లాలు పట్టుకుని కొన్నాళ్లు తమ దగ్గరే ఉంచుకున్నారు. వదిలేశాక ఆమె మళ్లీ అదే పనిలోకి వచ్చింది.

1990ల మొదట్లో అమెరికా నుంచి కెన్నెత్ కోసిక్ అనే నాడీశాస్త్రవేత్త కొలంబియాకు ఉపన్యాసం ఇవ్వడానికి వచ్చినప్పుడు లొపేరా ఈ కుటుంబాల సంగతి చెప్పాడు. అప్పటి నుంచి ఇద్దరూ కలిసి పనిచేశారు. 1995లో చిక్కుముడి వీడింది. ఆ ఏడాది 14వ క్రోమోజోము మీద ప్రెసెనిలిన్-1 అనే జన్యువును టొరంటో బృందం గుర్తించింది. కొలంబియా కుటుంబాల్లో ఆ జన్యువులోనే తేడా కనపడింది. అది తయారుచేసే ప్రొటీన్‌లో 280వ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట అలనైన్ వచ్చి కూర్చుంది. ఒక్క అక్షరం అచ్చుతప్పు లాంటిదే, కానీ దాంతో మెదడులో అంటుకుపోయే రకం అమిలాయిడ్ ఎక్కువగా తయారవుతుంది. శాస్త్రీయంగా దాని పేరు ఈ280ఏ. ఆ ప్రాంతం జనాన్ని పైసాలని పిలుస్తారు కాబట్టి వాడుకలో ఈ జన్యుమార్పు పేరు పైసా మ్యుటేషన్ అయింది.

మేనరికాల వల్ల వచ్చే జబ్బుల గురించి మన ఇళ్లలో తరచూ వింటుంటాం. అక్కడ తల్లి నుంచీ తండ్రి నుంచీ, రెండు వైపులా లోపం రావాలి. ఆంతియోకియా కథ అది కాదు. ఇక్కడ అమ్మ దగ్గర్నుంచైనా నాన్న దగ్గర్నుంచైనా ఒక్క ప్రతి వస్తే చాలు, జబ్బు దాదాపు ఖాయం. పుట్టే ప్రతి బిడ్డకీ సగానికి సగం అవకాశం. బయటివాళ్లను పెళ్లాడినా తప్పదు. కొండలు ఊళ్లను బయటి ప్రపంచం నుంచి వేరుచేసి ఉంచాయి, ఇంటినిండా పిల్లలు పుట్టారు, ఆ పిల్లల్ని కన్నాకే జబ్బు బయటపడేది. మూడూ కలిసి ఒక పూర్వీకుడి జన్యువును వేలమంది దాకా తెచ్చాయి. తర్వాత 2014లో జన్యువుల పోలికలను బట్టి లెక్కవేస్తే ఆ మూలపురుషుడో, మూలస్త్రీయో సుమారు 375 ఏళ్ల నాటివారని, స్పానిష్ వలసల కాలంలో ఐరోపా నుంచి వచ్చిన వంశమని తేలింది. విస్తరించిన ఈ కుటుంబాల్లో ఇవాళ ఆరువేలమంది దాకా ఉన్నారు. వాళ్లలో దాదాపు 1,200 మందిలో ఈ మార్పు ఉంది. ఒకే మార్పుతో వంశపారంపర్య అల్జీమర్స్ ఇంతమందిలో కనిపించిన సమూహం ప్రపంచంలో మరొకటి లేదు.

1997లో లొపేరా బృందం ప్రచురించిన వ్యాసం ప్రకారం జబ్బు మొదలయ్యే సగటు వయసు 46.8 ఏళ్లు. కొందరికి 34కే మొదలైంది, కొందరికి 62 దాకా ఆగింది. అచ్చుతప్పు ఒకటే అయినా ఈ ఇరవై ఎనిమిదేళ్ల తేడా ఎందుకు? ఆ ప్రశ్నకు కొంతైనా జవాబు దొరకడానికి ఇంకా పాతికేళ్ల దాకా పట్టింది.

ఈలోగా బృందం మరో పనికి దిగింది, కుటుంబాల్ని మెదళ్లు దానమివ్వమని అడగడం. చావు జరిగిన ఇంట్లో ఈ మాట ఎత్తడం ఎక్కడైనా కష్టమే, కేథలిక్కుల ఇళ్లలోనూ అంతే. కానీ ఏళ్ల తరబడి ఇంటికొచ్చి, రోగికి పరీక్షలు చేసి, చూసుకునేవాళ్ల కష్టం విని వెళ్లినవాళ్లు అడిగేసరికి చాలామంది ఒప్పుకున్నారు. ఫోను రాగానే, అర్ధరాత్రయినా సరే, బృందం బయలుదేరేది. గంటలు గడిచేకొద్దీ కణజాలం పాడవుతుంది. అందుకని దహనానికో ఖననానికో ముందే మెదడు తీసి, ఒక భాగం ఫార్మలిన్‌లో, ఇంకో భాగం గడ్డకట్టించి భద్రపరుస్తారు. ఆపైన శరీరాన్ని మళ్లీ కుటుంబానికి అప్పగిస్తారు, శవం దగ్గర చేసే జాగారం మామూలుగా సాగుతుంది. ఇలా మెదెయిన్‌లో వందల మెదళ్లున్న బ్యాంకు ఏర్పడింది.

బతికున్నవాళ్లూ అంతే సహకరించారు. పరిశోధకులు ఎప్పటినుంచో అనుమానిస్తున్న విషయం వాళ్లవల్ల కళ్లకు కనపడింది. జబ్బు నలభైల్లో మొదలవదు, నలభైల్లో బయటపడుతుంది, అంతే. మ్యుటేషన్ ఉన్నవాళ్లకు స్కాన్లు తీస్తే మెదడులో అమిలాయిడ్ సగటున 28 ఏళ్లకే పేరుకోవడం మొదలైందని 2012లో తేలింది. ఆ స్కాన్లలో, ఆ అధ్యయనాల్లో ముందు నిలిచినవాళ్లలో యకీల్ కిరోస్ ఒకరు. లొపేరా దగ్గర విద్యార్థిగా చేరి, తర్వాత బోస్టన్‌లో సొంత ప్రయోగశాల నడిపిన కొలంబియా మనస్తత్వ శాస్త్రవేత్త ఆమె.

ఇంత ముందే తెలిసే జబ్బు కదా, లక్షణాలు రాకముందే మందు ఇచ్చి చూద్దాం అన్నారు. 2013లో క్రెనెజుమాబ్ అనే మందుతో పరీక్ష మొదలైంది. అరిజోనాలోని బ్యానర్ ఇన్‌స్టిట్యూట్, జెనెన్‌టెక్ కంపెనీ లొపేరా బృందంతో కలిశాయి. 252 మంది చేరారు. ఇక్కడొక చిక్కు వచ్చింది. తమకు మ్యుటేషన్ ఉందో లేదో ఈ కుటుంబాల్లో చాలామందికి తెలియదు, కొందరు తెలుసుకోవడానికి ఇష్టపడరు కూడా. ఉన్నవాళ్లనే తీసుకుంటే చేరినవాళ్లకల్లా సంగతి తెలిసిపోతుంది. అందుకే మ్యుటేషన్ లేనివాళ్లనూ చేర్చుకుని, వాళ్లకు మందు లేని సూదులే ఇచ్చారు. తనకు ఎక్కించేది ఏమిటో, అసలు తను ఏ జాబితాలో ఉన్నాడో తెలియకుండానే ప్రతి మనిషీ ఏళ్లపాటు ఆసుపత్రికి వచ్చివెళ్లాడు. 2022 జూన్‌లో ఫలితం వచ్చింది. మందు జబ్బును చెప్పుకోదగ్గంతగా ఆపలేదు.

మందు దారి మూసుకుపోయినా, అదే కుటుంబాల్లో జబ్బును తప్పించుకుంటున్నవాళ్లు కనపడసాగారు. నలభైల్లో మతి తప్పాల్సిన ఒక మహిళ డెబ్బైలు వచ్చేదాకా చక్కగానే ఉంది. స్కాన్ చేస్తే మెదడు నిండా అమిలాయిడ్, కానీ కణాలను చంపే టావ్ అనే మరో ప్రొటీన్ తక్కువ. ఆమె జన్యువులు చదివితే ఏపీఓఈ అనే జన్యువులో క్రైస్ట్‌చర్చ్ అనే అరుదైన మార్పు, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ప్రతులు దొరికాయి. కిరోస్, జోసెఫ్ ఆర్బొలేదా-వెలాస్కెస్, లొపేరా తదితరులు 2019లో ఈ సంగతి ప్రకటించారు. 2023లో ఇంకో మనిషి బయటపడ్డాడు. అతనిది రీలిన్ అనే వేరే జన్యువులో మార్పు, అతనికీ జబ్బు చాలా ఆలస్యమైంది. 2024లో అదే కుటుంబాల్లో క్రైస్ట్‌చర్చ్ ఒక్క ప్రతి ఉన్న 27 మందిని చూస్తే వాళ్లకు జబ్బు సుమారు అయిదేళ్లు వెనక్కి జరిగింది. 34కూ 62కూ నడుమ తేడా ఎందుకన్న పాత ప్రశ్నకు జవాబులో కొంత భాగం ఇదే. ఇప్పుడు ఔషధ శాస్త్రవేత్తలు అమిలాయిడ్‌ను తుడిచేయడంతో ఆగకుండా, ఈ రక్షణను అనుకరించే మందులకోసమూ చూస్తున్నారు.

ఇంత జ్ఞానం ఇచ్చిన కుటుంబాలకు దక్కింది ఏమిటని ఎవరైనా అడగవచ్చు. మందు ఇంకా దొరకలేదు. ‘బొబేరా’ శాపం కాదని, చెట్టుది కాదని, సిగ్గుపడాల్సిన పనిలేదని మాత్రం తెలిసింది. చూసుకోవడం ఎలాగో నేర్పే మనిషి, సమస్య వచ్చినప్పుడు తలుపుతట్టే మనిషి దొరికారు. పిల్లల్ని కనాలా వద్దా, పరీక్ష చేయించుకోవాలా వద్దా అన్న నిర్ణయాలు మాత్రం ఇంకా ఇంటివాళ్ల మీదే ఉన్నాయి.

లొపేరా 2024 సెప్టెంబరులో మెదెయిన్‌లో చనిపోయాడు. క్రైస్ట్‌చర్చ్ ఒక్క ప్రతి మీద వ్యాసం అచ్చయి అప్పటికి మూడు నెలలు. ఆయన నెలకొల్పిన ఆంతియోకియా న్యూరోసైన్సెస్ బృందం పగ్గాలు ఆయన దగ్గర పెరిగిన డేవిడ్ అగియోన్ అందుకున్నాడు. మెదళ్ల బ్యాంకు, వంశవృక్షాల దస్త్రాలు ఇప్పుడు ఆ బృందం చేతిలోనే ఉన్నాయి.