ఎగువదారిలో సైకిల్: దేహభారం, దారుఢ్యం - చౌటుప్పల్ ప్రాంత చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: ఎత్తు ఎక్కే సైకిలిస్టుకు తక్కువ బరువే మేలన్నది క్రీడారంగపు సూత్రం. సరుకు మోసే శ్రామికుల చరిత్రకు ఈ సూత్రం ఎంతవరకు వర్తిస్తుందో చౌటుప్పల్ ప్రాంతం ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: సైకిల్, దేహభారం, పోషణ, ఫ్లోరోసిస్, చౌటుప్పల్.

1. ఉపోద్ఘాతం

హైదరాబాదు - విజయవాడ రహదారిపై, రాజధానికి సుమారు 50 కిలోమీటర్ల దూరంలో చౌటుప్పల్ ఉంది. మూసీ తూర్పుగా పారడమే ఇక్కడి నేలవాలుకు సాక్ష్యం. చౌటుప్పల్ నుంచి నగరానికి వెళ్ళేది మొత్తం మీద ఎగువదారి. 1949లో మద్రాసులో టి.ఐ. సైకిల్స్, 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లుధియానాలో హీరో సంస్థలు ఏర్పడిన తరువాత దేశీయ సైకిల్ సామాన్యులకు క్రమంగా అందుబాటులోకి వచ్చింది. పాలక్యాన్లు, కల్లుకుండలు, నూలుమూటలు దానిపైనే సాగాయి. గేర్లు లేని ఆ బండిపై ఎత్తు వస్తే బలంగా తొక్కాలి, లేదా దిగి నెట్టాలి.

2. బరువు లెక్క

ఉదాహరణకు 55 కిలోల మనిషి, 20 కిలోల సైకిల్, 40 కిలోల సరుకు కలిపి 115 కిలోలు అనుకుందాం. 100 మీటర్లకు 3 మీటర్లు లేచే దారిలో గంటకు 10 కిలోమీటర్ల వేగంతో పోవడానికి, గురుత్వాకర్షణను అధిగమించేందుకే సుమారు 94 వాట్ల శక్తి కావాలి. సరుకు లేకుంటే 61 వాట్లు చాలు. ఆ మనిషి 5 కిలోల కండ పెంచుకుంటే దేహం 9 శాతం పెరుగుతుంది, మొత్తం భారం మాత్రం 4 శాతానికి కొంచెం మించి పెరుగుతుంది. శక్తి కండతో పాటు పెరిగితే అతనికి లాభమే. పెరిగినది కొవ్వయితే భారం మాత్రమే మిగులుతుంది. కాబట్టి బరువు ఎంత అన్నదానితోపాటు అది దేనితో ఏర్పడిందన్నదీ ముఖ్యమే.

3. హైదరాబాదు పరిశోధనల సాక్ష్యం

కూనూరు నుంచి 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనాలయం 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఆ సంస్థకు చెందిన కె. సత్యనారాయణ బృందం 1977లో ప్రకటించిన అధ్యయనంలో, కర్మాగార కార్మికులలో దేహభారం ఎక్కువగా ఉన్నవారి ఉత్పత్తి కూడా ఎక్కువగా కనిపించింది. హైదరాబాదు పరిసర గ్రామాల బాలురపై 1979లో వెలువడిన అధ్యయనం శ్రమసామర్థ్యాన్ని దేహభారంతోనూ, నిత్య శారీరక శ్రమతోనూ ముడిపెట్టింది. పోషణలోపం ఉన్న సమాజంలో తక్కువ బరువు దారుఢ్యానికి గుర్తు కాదు. చాలాసార్లు అది బాల్యంలో అందని తిండికి గుర్తు.

4. నీరు - కీళ్లు

దారుఢ్యం తిండితోనే తేలేది కాదు. మునుగోడు, మర్రిగూడ, చౌటుప్పల్ ప్రాంతాల భూగర్భజలాల్లోని ఫ్లోరైడ్ తరతరాల ఎముకలను దెబ్బతీసింది. అస్థిగత ఫ్లోరోసిస్ వెన్నును, కీళ్లను బిగుసుకుపోయేలా చేస్తుంది. తుంటి, మోకాలు వంగనిదే పెడల్ తిరగదు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తగ్గించే నాగపూర్ పరిశోధకుల పద్ధతికి 1970లలో ‘నల్లగొండ టెక్నిక్’ అన్న పేరు రావడం, 2015లో తాగునీటి పథకం పైలాన్‌ను చౌటుప్పల్‌లోనే ఆవిష్కరించడం ఈ సమస్య తీవ్రతను తెలుపుతాయి.

5. ముగింపు

క్రీడాకారునికి బరువు తగ్గించుకోవడం ఎంపిక. సరుకుతో నగరానికి ఎక్కిన శ్రామికునికి సన్నటి దేహం ఎంపిక కాదు. అందువల్ల ఈ ప్రాంత రవాణా చరిత్రను రాసేటప్పుడు రోడ్లు, వాహనాలతోపాటు తిండి, నీరు, ఎముకల చరిత్రనూ ఆధారంగా స్వీకరించవలసి ఉంటుంది.