పరిశుద్ధపరచబడటం
మారుమనస్సు పొందిన విశ్వాసి పాపాన్ని విడుస్తూ క్రీస్తు స్వభావంలోకి ఎదగడం. నీతిమంతుడిగా తీర్చబడటం ఒక్కసారి జరిగేది, ఇది మాత్రం బతికినంత కాలం సాగేదని సాధారణంగా ప్రొటెస్టెంటు బోధ. సంపూర్ణ పరిశుద్ధత ఈ జన్మలోనే సాధ్యమని మెథడిస్టు బోధకుడు జాన్ వెస్లీ అన్నాడు. కాల్విన్ సంప్రదాయం దీన్ని ఒప్పుకోదు.

ఈ మార్పు ఎంత నిదానంగా జరుగుతుందో ఆంగ్లేయుడైన జాన్ న్యూటన్ (1725–1807) జీవితంలో కనిపిస్తుంది. 1748 మార్చిలో అట్లాంటిక్ తుఫానులో ఓడలోకి నీళ్లు వస్తుంటే, పంపు కొడుతూ దేవుణ్ణి తలచుకున్నాడు. బూతులు మానాడు గానీ బానిసల వ్యాపారం మానలేదు. బానిస ఓడలకు కెప్టెన్ అయ్యింది ఆ తరవాతే! డెక్కు కింద మనుషులు సంకెళ్లలో ఉండగా ఆదివారాలు నావికులతో ప్రార్థన చేయించేవాడు. 1754లో సముద్రం విడిచింది కూడా జబ్బు చేసి, పశ్చాత్తాపంతో కాదు. 1764లో ఓల్నీ అనే ఊళ్లో పాదిరి అయ్యాడు. ఆయన రాసిన ‘అమేజింగ్ గ్రేస్’ కీర్తన 1779లో అచ్చయింది. బానిసల వ్యాపారాన్ని ఖండిస్తూ, తన పాత్రను ఒప్పుకుంటూ కరపత్రం వేసింది మాత్రం 1788లోనే. తుఫాను నాటికి తాను పూర్తి అర్థంలో విశ్వాసిని కానని ఆయనే రాసుకున్నాడు.